రాత్రి విమానంలో పరాన్న విచారం
(మాసాంత సభలో చేసిన ప్రసంగపాఠం)

ప్రయాణంలో ఆహారనియమం ఎంతవరకు పాటించాలని గత సభలో ఒక దాతగారు అడిగారు. శాస్త్రం చెప్పేముందు నా తప్పొకటి చెప్పుకోవాలి.

2011లో దుబాయిలోని మనవారు సత్యనారాయణ వ్రతం చేయించడానికి నన్ను పిలిపించారు. అదే నా తొలి విమానయానం. గురువారం మధ్యాహ్నం జగిత్యాలలో బయలుదేరి శంషాబాదు చేరాను. అర్ధరాత్రి విమానం, సుమారు నాలుగు గంటల ప్రయాణం. లోపల ఎటుచూసినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పిల్లలే. ఒకప్పుడు వీరి తండ్రులు చాలామంది బొంబాయి దాకా పోయి విమానమెక్కినవారు.

నా పక్కన కోరుట్ల దగ్గరి పల్లెకు చెందిన యువకుడు. అతనికీ అదే మొదటిసారి. భోజనపు పళ్లెం తెస్తే వద్దన్నాడు. వేరుగా డబ్బు అడుగుతారని భయమట. టికెట్టులోనే కలిసి ఉందని నేను చెప్పేసరికి బండి ముందుకు సాగిపోయింది. అతడు మూట విప్పి, "మా అవ్వ చేసింది అయ్యగారూ, రెండు తీసుకోండ్రి" అని సకినాలు నా ముందుంచాడు.

"పరాన్నం ముట్టను నాయనా" అన్నాను. అతడు మారుమాటాడక మూట కట్టేశాడు. తానూ తినలేదు. నేను మాత్రం సంచిలోని అటుకులు తిని కన్ను మూశాను.

అప్పట్లో అక్కడ శుక్రవారం సెలవు. వ్రతం చక్కగా జరిగింది. ఆ రాత్రి ఆతిథేయులు కరామా ప్రాంతంలోని ఒక శాకాహార హోటలుకు తీసుకువెళ్లారు. ఇడ్లీలు వడ్డించారు. వండినదెవరో నేను అడగలేదు. రెండవ ఇడ్లీ దగ్గర చేయి ఆగింది. నిన్న ఒక తల్లి చేతి వంట పరాన్నమైతే, మరి ఇదేమిటి?

ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి చాక్రాయణుని కథ ఉంది. వడగండ్లకు కురుదేశపు పైరు పోయినప్పుడు, ఆకలిగొన్న ఆ పండితుడు ఏనుగులవాడు తింటున్న గుగ్గిళ్లు అడిగి తిన్నాడు. నీరిస్తే మాత్రం ఎంగిలి అని కాదన్నాడు. గుగ్గిళ్లు ఎంగిలి కావా అని అతడడిగితే, అవి తినకుంటే బ్రతకను, నీరు కోరినచోట దొరుకుతుంది అన్నాడు. అప్పటికి 30 ఏండ్లుగా ఈ కథ పాఠం చెబుతున్నవాణ్ణి. అటుకులున్నవాడు సకినాలు కాదనడం ఉషస్తి మార్గమే కదా అని సమర్థించుకోజూశాను. కుదరలేదు. ఆ ఇడ్లీ లేకున్నా నేను బ్రతికేవాణ్ణే. పైగా నూనెలో వేగిన భక్ష్యానికి చద్దిదోషం లేదని మనుస్మృతి ఐదవ అధ్యాయమే చెబుతోంది. నేను కాదన్నది శాస్త్రం కోసం కాదు, నా పెద్దరికం కోసం.

వ్రతానికి వచ్చినవారు కార్మికుల క్యాంపు సంగతులు చెప్పారు. రాత్రి పని నుండి వచ్చి వండుకొని, తెల్లవారకముందే డబ్బా కట్టుకొని బస్సెక్కుతారు. మధ్యాహ్నం మూత తీసేసరికి ఒక్కోనాడు కూర పులిసి ఉంటుంది. ఇంటినుండి తెచ్చిన సకినాలు లెక్కపెట్టుకొని నెలరోజులు తింటారట. అందులో రెండు నాకిస్తానన్నాడు.

దాతగారూ, నియమం విడవమని నేననను. ప్రేమతో పెట్టినదాన్ని ఒక తుంపైనా అందుకొమ్మంటాను.

మన అన్నదానానికి వచ్చి, ఇటునుండి ఇటే శంషాబాదుకు పోయే పిల్లలు ఉంటారు. వారికి పులిహోర పొట్లాలు కట్టి ఇవ్వమని ట్రస్టువారిని కోరాను. పులుసు బాగా మరిగించి కలిపితే తెల్లవారేదాకా నిలుస్తుంది. వారి మూటలోనిది వారిస్తే నేను తీసుకుంటున్నాను. ఆ కోరుట్ల పిల్లవాని పేరైనా ఆనాడు అడగలేదు.