న్యాయదీక్షాపరురాలు దుర్గాబాయమ్మ



ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు ఏగువారికి ఆంధ్ర మహిళా సభ కళాశాల కానవచ్చును. ఆ మహిళా సభను 1937లో మద్రాసున స్థాపించినవారు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆమెకు ఎనిమిదవ ఏటనే వివాహమైనది. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగి, అచ్చట నిరక్షరాస్యలగు స్త్రీఖైదీల గాథలు వినిరి. తమ పక్షమును చెప్పుకొనుటకైనను వారికి నోరు లేదు. అట్టివారి కొఱకు వాదింపవలెనను సంకల్పము ఆమెకు అచ్చటనే కలిగినది. చిన్ననాట విడిచిన చదువును మరల చేపట్టి, 1942లో మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్ర పట్టమును పొంది, న్యాయవాద వృత్తిని చేపట్టిరి.

పిదప రాజ్యాంగసభకు సభ్యురాలై, ఆ సభాధ్యక్షుల పట్టికలో ఏకైక మహిళగా నిలిచిరి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైరి. ఆ ఏటనే చైనా దేశమును దర్శించి వచ్చి, కుటుంబ వివాదములకు ప్రత్యేక న్యాయస్థానము లుండవలెనని పట్టుబట్టిరి. 1981లో ఆమె కన్నుమూసిరి. ఆమె కోరిన కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో గాని రాలేదు. నాటిన చేయి ఫలమును చూడలేదు; నీడ మాత్రము మనకు దక్కినది.

అయితే చట్ట మెంత మంచిదైనను, చదువురాని ఆడపడుచుకు అది మూసిన పుస్తకమే. ఈ రజతోత్సవ వేళ ప్రతి చందాదారుడును తన యింటి యొక్క స్త్రీనైనను ఈ గ్రంథాలయమునకు తోడ్కొని వచ్చినచో, దుర్గాబాయమ్మకు అంతకు మించిన నివాళి లేదు.