ఉక్కులోని చిత్తరువు
(సాంస్కృతిక సమాజ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇంగ్లీషు నిఘంటువులలో ‘ఊట్జ్’ అను పదమొకటి కలదు. దక్షిణ భారతమున మూసలలో కరగించి చేసిన మేలురకపు ఉక్కునకు అది పేరు. తెలుగువారును కన్నడిగులును పలుకు ‘ఉక్కు’ అను మాటయే పరదేశీయుల నోట నలిగి ఆ రూపము దాల్చినదని పలువురు పండితుల మతము. మాట వెంట వస్తువును ప్రయాణము చేసినది. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునకు పారశీక వర్తకులు వచ్చి ఉక్కు ముద్దలను కొనిపోవుచుండిరని, త్రికోణమితి సర్వేలో పనిచేసిన వాయిసీ అను శాస్త్రజ్ఞుడు వ్రాసినాడు. ఆయన 1824లో మరణింపగా ఆ వ్రాత 1832లో అచ్చుపడినది.

ఈ ఉక్కుతో చేసిన కరవాలములపై నీటి అలలవంటి తెల్లని చారలు కానవచ్చును. ఆ చిత్తరువును ఏ చిత్రకారుడును గీయలేదు. ద్రవలోహము గడ్డకట్టు వేళ లోహమే తనలో తాను దాని తొలిరేఖలను దిద్దుకొన్నది. ఎట్లు దిద్దుకొన్నది? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు ఇంచుమించు రెండువందల సంవత్సరములు పట్టినది. 1795లో జార్జి పియర్సన్ అను వైద్యుడు లండనులోని రాయల్ సొసైటీకి ఊట్జును గూర్చి వ్యాసము సమర్పించెను. 1819లో మైకేల్ ఫారడే దానిని విశ్లేషించెను. ఫారడే స్వయముగ కమ్మరి కుమారుడు. అంతటివాడును దాని విశేషము అల్యూమినియం వంటి పదార్థముల వలన వచ్చినదేమోనని పొరబడెను. రసాయన విశ్లేషణ ఏయే పదార్థములు ఎంతెంత కలవో చెప్పగలదు. అవి లోపల ఏ అమరికలో నున్నవో చెప్పజాలదు.

అమరికను తెలిసికొనుటకు ముందు, మిశ్రమము గడ్డకట్టు తీరును తెలిసికొనవలెను. ఇందులకు కుల్ఫీ అమ్మువాని కుండయే మొదటి పాఠశాల. మంచులో ఉప్పు కలిపినచో చల్లదనము సున్నకు దిగువకు దిగునని అతనికి తెలియును. ఉప్పునీటిని చల్లార్చినపుడు మొదట స్వచ్ఛమైన మంచు స్ఫటికములే ఏర్పడును. మంచు తనలో ఉప్పునకు చోటీయదు. కావున మిగిలిన నీరు అంతకంతకు ఉప్పనగును, దాని ఘనీభవన స్థానము అంతకంతకు దిగజారును. ఉప్పు నూటికి 23 పాళ్లైనపుడు, సున్నకు దిగువ 21 డిగ్రీల వద్ద, మిగిలినదంతయు ఒక్కుమ్మడి గడ్డకట్టును. ఈ హద్దును యూటెక్టిక్ బిందువందురు.

టంకము వేయువాని పనియు ఇట్టిదే. సీసము 327 డిగ్రీల వద్ద, తగరము 232 డిగ్రీల వద్ద కరగును. 62 పాళ్ల తగరమును 38 పాళ్ల సీసమును కలిపినచో ఆ మిశ్రమము 183 డిగ్రీలకే కరగును. రెండింటిలో ఏదియు అంత తక్కువ వేడికి కరగదు. రేడియో బాగుచేయువాడు ఈ పాళ్లకు దగ్గరి టంకమునే కోరును, ఏలయన అది తటాలున గడ్డకట్టి తీగను పట్టుకొనును. గొట్టములు అతుకువాడు సీసము హెచ్చుగా గల టంకమును వాడెడివాడు. అది కొంతసేపు సగము ఘనము, సగము ద్రవమై ముద్దగ నుండి, గుడ్డతో నునుపుచేయుటకు వీలిచ్చును.

ఈ వ్యవహారమునంతయు ఒక్క కాగితముపై చూపునదే ప్రావస్థా పటము. అడ్డగీతపై పాళ్లు, నిలువుగీతపై ఉష్ణోగ్రత. నడుమ గీతలు హద్దులు. ఏ పాళ్లలో, ఏ వేడివద్ద, ఏయే రూపములు కలిసి యుండునో అది చెప్పును. దీనికి మూలసూత్రమును అమెరికా శాస్త్రజ్ఞుడు విలర్డ్ గిబ్స్ 1876-78 నడుమ వెలువరించెను. ఇనుము-కర్బనముల పటమును రాబర్ట్స్-ఆస్టెన్ 1897లో సిద్ధపరచెను. 1900లో డచ్చి దేశీయుడు రూజెబూమ్ గిబ్స్ సూత్రమును అన్వయించి దానిని సంస్కరించెను. అంతకు చాల ముందే, 1863-64 ప్రాంతమున, షెఫీల్డులో హెన్రీ సార్బీ ఉక్కును నునుపుచేసి, ఆమ్లము తగిలించి, సూక్ష్మదర్శినిలో చూచియుండెను. ముత్యపుచిప్ప లోపలి తళుకువలె మెరయు పొరలను పిదప అందు గాంచెను. పటము శాస్త్రమైనచో సూక్ష్మదర్శిని సాక్ష్యము.

ఆ పటమును చేతబట్టి కోనసముద్రపు మూసను చూతము. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీలకు గాని కరగదు. కర్బనము చేరినకొలది ఆ స్థానము దిగును, నూటికి 4.3 పాళ్లు చేరినచో ఇంచుమించు 1150 డిగ్రీలు చాలును. ఊట్జులో కర్బనము సుమారు ఒకటిన్నర పాళ్లు. మూసలోని ద్రవము చల్లబడునపుడు తొలుత ఏర్పడు స్ఫటికములు వేపరెమ్మలవలె పెరుగును: నడుమ కాడ, ఇరుప్రక్కల కొమ్మలు, వాటికి మరల చిరుకొమ్మలు. ఈ కొమ్మలు మంచు ఉప్పును నెట్టివేసినట్లే కర్బనమునందు అధిక భాగమును, ఇతర మాలిన్యములను తమ నడుమ నున్న ద్రవములోనికి నెట్టివేయును. కావున కొమ్మల సందులలో కడపట గడ్డకట్టు లోహము కూర్పు వేరు. చల్లబడుట ఎంత నెమ్మదియో కొమ్మల నడుమ ఎడము అంత వెడల్పు. కోనసముద్రపు కమ్మరులు మూసను వెంటనే వెలికి తీయక కొలిమిలోనే మెల్లగ చల్లారనిచ్చెడివారు. పటమెరుగని ఆ చేతులకు పటములోని ధర్మము తెలిసియే యుండెను.

ఇక ఐరోపా కమ్మరులు ఊట్జు ముద్దను సుత్తితో కొట్టగా అది తునుకలైనదని చెప్పుదురు. సరకు నాసిరకమని కొందరు తలచిరి. పటము అసలు సంగతి విప్పుచున్నది. తమ మెత్తని ఇనుమునకు అలవాటుపడి వారు ఊట్జునుగూడ తెల్లగ కాలువరకు కాచిరి. కర్బనము ఒకటిన్నర పాళ్లున్నపుడు 1300 డిగ్రీలకు లోపే కొమ్మల సందులలోని లోహము మరల ద్రవించుట మొదలిడును. సందులు ద్రవించిన ముద్ద సుత్తి దెబ్బకు నిలుచునా? తూర్పుదేశపు కమ్మరి ఎర్రని కాకలోనే ఓపికతో సాగగొట్టెను. తప్పు సరకులో లేదు. దానిని తెలియని కొలతతో కొలిచినచోట నున్నది.

చిత్తరువు సంగతి అప్పటికిని మిగిలియుండెను. అమెరికాలో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ వెర్హోవెన్, కత్తులు చేయు ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి ఏండ్ల తరబడి ప్రయోగములు జరిపి 1998లో తమ నిర్ణయమును ప్రకటించిరి. కొమ్మల సందులలో చేరినవాటిలో కర్బనము చురుకైనది. వేడిలో త్వరగా నలుదిక్కుల సర్దుకొనును. వనేడియం వంటి లోహములు మందగమనములు, చేరినచోటనే నిలుచును. వెయ్యింట ఒక పాలుకన్న ఎంతో తక్కువ వనేడియం చాలును. సుత్తి దెబ్బలకు ఆ సందులు పలుచని పొరలుగ సాగును. మాటిమాటికి ఎర్రగ కాచి చల్లార్చగా ఇనుప కార్బైడు గింజలు ఆ పొరలయందే కూడుకొని పెరుగును. ఆమ్లము పూసినపుడు అవి తెల్లగ నిలుచును, చుట్టునున్న ఉక్కు నల్లబడును. అదియే చిత్తరువు. మూసలో మొలచిన వేపరెమ్మల జ్ఞాపకమే కరవాలముపై అలలైనది.

ఆ విద్య ఏల అంతరించినది? యంత్రశాలల ఉక్కు చౌకగ వచ్చిపడుట, బొగ్గునకు అడవి కరవగుట, కత్తులకు గిరాకి తగ్గుట, ఇవన్నియు కారణములే. వెర్హోవెన్, పెండ్రేలు ఇంకొకటి సూచించిరి: ఆ స్వల్ప మాలిన్యము గల ఖనిజము దొరకకుండ పోయియుండవచ్చును. ఇది నిజమైనచో ఆ కమ్మరుల దుఃఖము ఊహింపదగినది. తండ్రి చేసినట్లే కొడుకు చేసెను; అదే మూస, అదే తిత్తి, అదే సుత్తి. చిత్తరువు మాత్రము రాలేదు. తన చేతిలోనే దోషమున్నదని అతడు కుమిలియుండును. దోషము చేతిలో లేదని చెప్పగల పటము నాడు లేదు, పనితీరును వ్రాసియుంచిన తాటాకును లేదు. దారిన వచ్చిన వాయిసీ వ్రాసినందున కోనసముద్రపు కొలిమిని గూర్చి నేడీ కొంతయైన తెలియుచున్నది.

విశాఖపట్టణపు కర్మాగారమున నేడు ద్రవపు ఉక్కు ఎడతెగని ధారగ పోతపడుచున్నది. అచ్చటి ఇంజనీరు ఎదుట నున్న పటము రూజెబూమ్ పటమునకు వారసురాలే. కడ్డీ నడిబొడ్డున మాలిన్యము పేరుకొనకుండ చూచుట నేటికిని అతని నిత్యచింత. పరిమాణము మారినది, ధర్మము మారలేదు.

కాగితములతో పొద్దుపుచ్చు ఉద్యోగులకు ఈ కథలో ఒక మాట కలదు. చేయువాడు వ్రాయడు, వ్రాయువాడు చేయడు. ఇద్దరి నడుమ నున్న సందులో ఎన్ని విద్యలు గడ్డకట్టి మిగిలిపోయినవో! గ్రామమున కంచు పోతపోయువాడును, కొలిమి ఊదు వృద్ధుడును ఇంకను అక్కడక్కడ నున్నారు. సెలవులకు స్వగ్రామము పోయినవారు ఆ కొలిమివద్ద ఒక గడియ కూర్చుండి, చూచినది చూచినట్లు వ్రాసికొని వచ్చినచో, అదియును మాతృభాషకు సేవయే యగును.

స్వస్తి.