గ్రైండరుకు గార్డు ఎందుకు?

వెల్డింగు షాపులో, టైల్స్ పనిలో చేతి గ్రైండరు లేనిదే రోజు గడవదు. ఇలాంటి కరెంటు పనిముట్ల భద్రత కోసం అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2014లో ఐఈసీ 62841 అనే కొత్త ప్రమాణాల వరుసను మొదలుపెట్టింది. చేత్తో పట్టుకునేవాటికీ, ఒకచోట నిలిపి వాడేవాటికీ, తోటపని యంత్రాలకూ అంతకుముందు వేరువేరుగా ఉన్న నిబంధనలను ఇది ఒక్కచోటికి తెచ్చింది.

మెషిను మీది పట్టీలో ఒక చతురస్రంలో మరో చిన్న చతురస్రం గుర్తు ఉంటే, దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉన్నట్టు. అందుకే దానికి ఎర్తు తీగ ఉండదు. అయినా కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను నుంచే కరెంటు తీసుకోండి.

కరెంటు షాకు కన్నా నన్ను భయపెట్టేది గ్రైండరు చక్రం. నాలుగంగుళాల కటింగ్ చక్రం మీద సాధారణంగా సెకనుకు 80 మీటర్లు అని ఉంటుంది. అంటే దాని అంచు గంటకు 288 కిలోమీటర్ల వేగం వరకూ తట్టుకుంటుంది. అది నిమిషానికి సుమారు 15,300 చుట్లు. అదే ఏడంగుళాల చక్రానికైతే పరిమితి 8,500 చుట్లే. మనవాళ్లు లోతుగా కోయొచ్చని చక్రాన్ని కప్పి ఉంచే గార్డు ఊడదీసి, చిన్న మెషినుకు పెద్ద చక్రం బిగిస్తున్నారు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే గ్రైండరు మీద ఆ చక్రం పగిలితే, ముక్కలను ఆపడానికి అడ్డం ఏదీ ఉండదు. కళ్లు పోతాయి, ప్రాణాలే పోవచ్చు. పరీక్షలన్నీ నెగ్గిన మెషిను కూడా గార్డు తీసేశాక ఐఈసీ ప్రమాణానికి సరిపోదు.

షాపు యజమానులారా, గార్డు పోయిన గ్రైండరును కొత్తది బిగించేదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి. చక్రం మార్చేముందు ప్లగ్గు పీకించండి.