స్విచ్చు తీసిన తరువాత

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



విద్యుత్తును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, వారు మనిషిని పొరబడినారేమో అనుకొంటిని. నేను చదివినది చరిత్ర. చేయునది సచివాలయమున ఫైళ్ళ పని. విద్యుత్తు తెలిసినవారికి ఖరగ్‌పూరున కొదువయా? ఇక్కడ రైల్వే వర్క్‌షాపు ఉన్నది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనమున ఆరంభమైన ఐ.ఐ.టి. ఉన్నది. ఈ వరుసలలోనే నాకు పాఠము చెప్పగలవారు పదిమంది కూర్చున్నారు. అయినను ఒప్పుకొంటిని. నేను ఈ ఊరి రైల్వే క్వార్టర్సులో పెరిగినవాడను. పదకొండవ యేట ఇక్కడనే నాపై ఒక నింద పడినది. దానిని ఇక్కడనే చెప్పుకొనవలెనని చిరకాలముగా ఉన్నది.

మా పక్క క్వార్టరులో ఒక మామయ్యగారుండిరి. రక్తసంబంధము లేదు, శ్రీకాకుళము వైపువారమని ఉభయ కుటుంబములకు చుట్టరికము కలిసినది. ఒక వేసవి మధ్యాహ్నము వారి యింటి సీలింగు ఫ్యాను తిరుగుట మానినది. స్విచ్చు వేసినచో మూలుగునే గాని కదలదు. మామయ్య బల్లమీద స్టూలు వేసుకొని ఎక్కి, "ఒరే అబ్బాయీ, స్విచ్చు తీయి" అనిరి. తీసితిని. "తీసినావా?" అని మరల అడిగిరి. "తీసినాను మామయ్యా" అంటిని. ఆయన పైమూత దించి, కండెన్సరు తీగలు ఊడదీయుచు రెండు కొసలను పట్టుకొనిరి. ఒక్క కేక. మరుక్షణము నేలమీద ఉండిరి.

విద్యుత్తు ఆయననేమియు చేయలేదు. పడుటవలన తుంటి ఎముక విరిగినది. నెలల తరబడి మంచము, ఆపైన చేతికర్ర. వర్క్‌షాపున నిలిచి చేయు పని మానుకొని, కూర్చుండు పనికి మారవలసివచ్చినది. అత్తయ్య నన్నెన్నడును తిట్టలేదు. కాని ఆ మాట వచ్చినపుడెల్ల, "పిల్లవాడు, ఏ స్విచ్చు తీసినాడో ఏమో" అనెడివారు. తిట్టినను అంత నొప్పి కలిగియుండదు. నాలుగైదేండ్లకు నాకే అనుమానము పుట్టినది: నిజముగా తీసితినా?

కండెన్సరనగా ఏమో నాకు తెలిసినంత చెప్పెదను. రెండు లోహపు రేకులు, నడుమ విద్యుత్తును పోనీయని పొర, అంతే. రేకులపై విద్యుదావేశము చేరి నిలుచును. దిగిపోవుటకు దారి లేనిచో అట్లే కనిపెట్టుకొని యుండును. చరిత్ర చదివినవాడను గనుక దీని పుట్టుక చెప్పకుండ ఉండలేను. 1745లో పొమరేనియాలో క్లైస్టు అను మతాధికారియు, 1746లో హాలండు దేశపు లైడెన్ నగరమున మూషెన్‌బ్రోక్ అను ఆచార్యుడును, ఒకరికొకరు తెలియకయే, గాజుపాత్రలో విద్యుత్తును నిలువచేసిరి. చేయి తగిలినంతనే ఆచార్యునకు పడిన దెబ్బ ఎట్టిదనగా, ఫ్రాన్సు రాజ్యము నిచ్చినను మరల ఆ పని చేయనని మిత్రునకు వ్రాసినాడు. 1750లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అట్టి జాడీలు రెంటితో ఒక టర్కీ కోడిని చంపబోయి, పొరపాటున తానే ఆ దెబ్బ తిని స్పృహ తప్పినాడు.

ఇక మామయ్యగారి ఫ్యాను సంగతి. ఇంటర్మీడియేటు చదువుచుండగా, మా తండ్రిగారి స్నేహితులొకరు, వర్క్‌షాపున ఎలక్ట్రికల్ విభాగమువారు, నా గోడు విని నవ్వక, కాగితముపై బొమ్మ గీసి చూపిరి. బాగున్న ఫ్యానులో స్విచ్చు తీయగనే కండెన్సరులోని ఆవేశము మోటారు చుట్టల గుండనే ప్రవహించి క్షణములో ఆరిపోవును. అందుచేతనే ఫ్యాను కండెన్సరు ఏమియు చేయదను ధీమా మనవారికి. కాని ముఖ్యమైన చుట్ట తెగియున్నచో ఆ దారి మూసుకొనును. మూలుగుచు తిరుగని ఫ్యాను అనగానే వారు తల ఊపిరి. మన యింటి 230 వోల్టుల సరఫరా శిఖరమున సుమారు 325 వోల్టులకు చేరును. అంతయు కండెన్సరులో నిలిచియుండవచ్చును. "నీవు స్విచ్చు తీసితివి. తీసినను అది అక్కడనే ఉన్నది" అనిరి. ఆ సాయంకాలమే ఆ కాగితము పట్టుకొని అత్తయ్య యింటికి పోతిని. ఆమె బొమ్మను చాలసేపు చూచి, "కూర్చో, కాఫీ పెట్టెదను" అనిరి.

లెక్క చూచిన వింతగా ఉండును. రెండున్నర మైక్రోఫారడ్ల ఫ్యాను కండెన్సరులో 325 వోల్టుల వద్ద నిలుచు శక్తి జౌలులో ఎనిమిదవ వంతునకు కొంచెము పైన. సామాన్యముగా ప్రాణము తీయదు; ఉలికిపాటు మాత్రము స్టూలు మీదివానిని క్రిందికి త్రోయగలదు. వోల్టులు ద్విగుణమైనచో శక్తి చతుర్గుణము. మైక్రోవేవు ఓవెనులోని కండెన్సరు రెండువేల వోల్టులకు పైబడి పనిచేయును. ప్లగ్గు పీకిన పిదప కూడ దానిని నమ్మరాదు, అట్టి దెబ్బతో ప్రాణములు పోయినవి. పాత టెలివిజను గాజుగొట్టములో ఇరువదివేల వోల్టులు ఆడినవి. దోమల బ్యాటు సైతము ఈ జాతిదే. బొత్తాము వదలిన తరువాత కూడ తీగలలో దెబ్బ ఉండునని పిల్లలు మనకంటె ముందే కనిపెట్టినారు. పోలీసుల చేతి టేసరు ఆ బ్యాటునకు పెద్దన్న వంటిది. దానికి 1970లలో రూపమిచ్చిన జాక్ కవర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు పిల్లల సాహసకథలోని తుపాకి పేరునుండి ఆ పేరును కూర్చినాడు. వేలకొలది వోల్టులున్నను ఒక్కొక్క దెబ్బలోని శక్తి మిక్కిలి కొద్ది. కండరములు బిగిసి మనిషి పడిపోవును. ఎక్కడ పడునో, అతని గుండె ఎట్టిదో, దానినిబట్టి ఉండును అపాయము. తమాషాకని అట్టి వస్తువులు కొని యింట నుంచువారిని నేను మెచ్చను. లయ తప్పి వణకు గుండెను దారికి తెచ్చు ఆసుపత్రి యంత్రము కూడ కండెన్సరే. అది నూటయేబది మొదలు మూడువందల అరువది జౌళ్ళ వరకు ఒక్క తృటిలో గుండెకు పంపును.

ఇంతవరకు డబ్బాలో ఇమిడిన కండెన్సరులు. మన ఊరిలో డబ్బా లేని కండెన్సరొకటి మైళ్ళ పొడవున సాగియున్నది. 1957లో భారత రైల్వేలు 25,000 వోల్టుల పద్ధతిని ఎన్నుకొన్నవి. 1960ల ఉత్తరార్ధమున ఆ తీగలు హౌరానుండి మన ఊరికి వచ్చినవి. రెండు మార్గములు పక్కపక్కనున్నచోట ఒకదానిపై కరెంటు ఆపినారనుకొనుడు. ఆపిన తీగ ఒక రేకు, ప్రవాహమున్న తీగ రెండవ రేకు, నడుమనున్న గాలియే లైడెన్ జాడీ గాజు! ఎవరును కరెంటు ఇవ్వకున్నను ఆ మృతతీగపై ప్రాణము తీయదగినన్ని వోల్టులు చేరును. అందుచేతనే ట్రాక్షన్ సిబ్బంది, కరెంటు ఆపినట్లు వ్రాతమూలకమైన అనుమతి చేతికి వచ్చినను, తీగను తాకరు. పనిచేయు చోటికి ఇరుప్రక్కల డిస్చార్జి రాడ్డులు తగిలింతురు. మొదట భూమి వైపు బిగింపు, ఆ తరువాతనే కొక్కెము తీగకు. తీయునప్పుడు తీగనుండి మొదలు. ఈ వరుస తప్పినచో రాడ్డు పట్టుకొన్నవాడే దారి అగును. డబ్ల్యు.ఏ.పి.-7 వంటి ఇంజనులలోపల 2,800 వోల్టుల కండెన్సరులున్నవి. పాంటోగ్రాఫు దించినంతమాత్రమున, భూమికి కలుపక, వాని గది తెరువరు. మా సచివాలయమున "ఫైలు మూయబడినది" అని వ్రాసిన పిదప దానిని మరల తెరిచి చూచు అలవాటు లేదు. ఈ విషయమున వారు మాకంటె మేలు.

2022 డిసెంబరున ఈ స్టేషను ప్లాట్‌ఫారము మీద జరిగినది మీకు గుర్తుండును. ఒక టికెట్ పరీక్షకుడు తోటివానితో మాటలాడుచు నిలుచుండగా, పైనుండి ఒక తీగ వచ్చి తలకు తగిలి, ఆయన మెరుపుతో పట్టాలపైకి ఒరిగిపోయినారు. పక్షి మోసుకొనివచ్చిన తీగముక్క పైలైనుకు తగిలియుండునని అధికారులు అప్పుడు చెప్పిరి. దైవకృపవలన కాలినగాయములతో బ్రతికినారు. అది నిలువయున్న విద్యుత్తు కాదు, పారుచున్నదే. అయినను ఆ దృశ్యము చూచినది మొదలు ప్లాట్‌ఫారముపై తల ఎత్తి చూచుట నాకలవాటైనది. ఆ తీగకు రెండు మీటర్ల లోపునకు పోరాదను నియమము రైల్వేవారికే గాక మనకును వర్తించును. ఆగియున్న వ్యాగనుపై ఎక్కి ఫోటోలు తీసుకొను పిల్లలకు ఎవరు చెప్పవలెను? వారి తండ్రులు ఈ సభలోనే ఉండవచ్చును.

మామయ్యగారు ఇప్పుడు లేరు. అత్తయ్య విశాఖపట్టణమున కుమారుని యొద్ద నున్నారు. నేను పోయినప్పుడెల్ల ఫ్యాను స్విచ్చు వంక చూచి నవ్వుదురు.

ఇందాక కార్యదర్శిగారు చెవిలో ఒక మాట చెప్పిరి. వేదిక కుడివైపు ఫ్యాను మూలుగుచున్నదట. సభ ముగిసిన వెంటనే ఒక యువకుడు ఎక్కి సరిచేయునట. నాయనా, విద్యుత్తును పోనీయని పిడిగల స్క్రూడ్రైవరు ఒకటి తెచ్చుకొనుము. కొసలను ముందు దానితో కలుపుము, వ్రేళ్ళతో కాదు. స్విచ్చు నేను తీసెదను, స్టూలు కూడ నేనే పట్టుకొనెదను.