వార్డు బడి లెక్క అడిగేదెవరు?

(పట్టణంలోని ముస్లిం తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఉర్దూ మాధ్యమ ప్రభుత్వ పాఠశాలల్లో బోధించాను. నా ఇద్దరు పిల్లలను మాత్రం ప్రైవేటు బడిలో చదివించాను. మా బడిలో ఏ లోపముందో నాకు తెలుసు గనుకనే వారిని అక్కడ చేర్చలేదు. ఆ లోపాన్ని సరిదిద్దమని అడగడం ఉద్యోగ విరమణ తర్వాత గాని నాకు చేతకాలేదు. కాబట్టి ఎవరినీ నిందించే అర్హత నాకు లేదు. తెలిసింది చెప్పి కూర్చుంటాను.

జస్టిస్ రాజీందర్ సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని అందులో ఉంది. మదరసాలలో చదివేవారు నాలుగు శాతానికి మించరనీ ఆ నివేదికే తేల్చింది. అయినా మన చదువు గురించి ఎక్కడ చర్చ జరిగినా మదరసాల చుట్టూనే తిరుగుతుంది. మిగిలిన పిల్లలు వెళ్ళేది, వెళ్ళలేక మానేసేది వీధి చివరి సర్కారు బడి. దాని సంగతి మాట్లాడేవారు అరుదు. మనమూ మాట్లాడము. షాదీఖానా కోసం, శ్మశానం ప్రహరీ కోసం ఎన్నిసార్లు కౌన్సిలరు ఇంటికి వెళ్ళామో గుర్తు చేసుకోండి. బడి కోసం ఎన్నిసార్లు వెళ్ళాము?

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956లో చేరింది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన సదుపాయాలు కల్పించాలని అది చెబుతుంది. ఆ ప్రయత్నం చేయవలసినవారిలో రాష్ట్రంతోపాటు స్థానిక సంస్థలనూ పేర్కొన్నది. 2009 విద్యాహక్కు చట్టం మరింత స్పష్టంగా మాట్లాడింది. తొమ్మిదో సెక్షను ప్రకారం తన పరిధిలో నివసించే 14 ఏళ్ళలోపు పిల్లలందరి వివరాలు నమోదు చేసి ఉంచవలసిన బాధ్యత స్థానిక సంస్థదే. వలస కుటుంబాల పిల్లలను చేర్పించవలసిందీ అదే. వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదని పద్నాలుగో సెక్షను అంటుంది.

మా వార్డులో మేము మొదట అడిగింది ఆ నమోదు పుస్తకాన్నే. పురపాలక కార్యాలయంలో అడిగితే విద్యాశాఖ వారిని అడగమన్నారు. విద్యాశాఖలో అడిగితే భవనం పురపాలక సంఘానిది గనుక అక్కడే అడగమన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పురపాలక పాఠశాలల పర్యవేక్షణను విద్యాశాఖకు అప్పగించి, ఆస్తులను పురపాలక సంఘాల పేరనే ఉంచారు. అప్పటినుంచి ఈ రెండు గుమ్మాల మధ్య నడక తప్పడం లేదు. చివరకు మేమే ఇంటింటికీ తిరిగి రాసుకున్నాము. నాలుగు ఆదివారాలు పట్టింది. బడి మానేసిన పిల్లలు పందొమ్మిది మంది తేలారు, వారిలో పదకొండు మంది ఆడపిల్లలు.

ఆ పదకొండు మందిలో ఒక అమ్మాయి ఐదో తరగతిలో నా దగ్గర లెక్కలు బాగా చేసిన పిల్ల. తండ్రి తోపుడు బండిమీద పండ్లు అమ్ముతాడు. ఎందుకు మానిపించారని అడిగితే తల్లి, "మాస్టారూ, ఉర్దూ హైస్కూలు జాతీయ రహదారి అవతల. దగ్గరున్న బడిలో అంతా తెలుగు, ఇంగ్లీషు. అక్కడ కూర్చుంటే పిల్లకేం అర్థమవుతుంది?" అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది. నిబంధనలు దూరాన్ని కిలోమీటర్లలో కొలుస్తాయి. ప్రాథమిక బడికి ఒకటి, ప్రాథమికోన్నత బడికి మూడు. ఏ భాష బడి అన్నది ఆ కొలతలో లేదు. మాతృభాషలో బోధన "సాధ్యమైనంత వరకు" అని చట్టం రాసింది. మన పిల్లలు జారిపోతున్నది ఆ ఒక్క మాట సందులోంచే.

ఇక ఉపాధ్యాయుల సంగతి. చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 మంది వరకు ముగ్గురు ఉపాధ్యాయులు ఉండాలి. మా వార్డు బడిలో డెబ్భై నాలుగు మంది పిల్లలు, ఒకే ఒక ఉపాధ్యాయుడు. ఐదు తరగతులూ ఆయనవే, మధ్యాహ్న భోజనం లెక్కా ఆయనదే. నోటిమాటగా మూడేళ్ళు అడిగాము. తర్వాత చట్టంలోని 32వ సెక్షను ఉదహరిస్తూ లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకున్నాము. ఆ సెక్షను కింద వచ్చిన ఫిర్యాదుపై స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలి. తృప్తి కలగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. రెండో నెలలో ఒక ఉపాధ్యాయిని డెప్యుటేషన్‌పై వచ్చారు. మూడో పోస్టు ఇప్పటికీ ఖాళీయే.

ఆ ఖాళీకి మరో కారణముంది, దానిని జాగ్రత్తగా చెప్పుకోవాలి. ఉర్దూ మాధ్యమ పోస్టుల్లో రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించినవి, ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకక నిండకుండా మిగిలిపోతున్నాయి. మనవాళ్ళు కొందరు దీనిని రిజర్వేషన్ల మీద కోపంగా మార్చి మాట్లాడుతున్నారు. అది తప్పు. ఆ వర్గాలకు అంతే సంఖ్యలో ఇతర మాధ్యమ పోస్టులు ఇచ్చి, ఈ ఖాళీలను ఉర్దూ అభ్యర్థులతో నింపితే ఎవరి వాటా తగ్గదు. ఈ విన్నపంపై దళిత సంఘాల సంతకం కూడా ఉండాలని నా అభిప్రాయం. మా బడి గోడకు ఆనుకొని ఉన్న తెలుగు బడిలో చదివేది వారి పిల్లలే. అక్కడా ఆడపిల్లల మరుగుదొడ్డికి తలుపు లేదు.

ఉర్దూనా, ఇంగ్లీషా అన్న వాదంలో రాత్రంతా గడపగలం గాని, నేను గడపను. చిన్న తరగతుల్లో ఉర్దూలో అర్థం కావాలి, ఇంగ్లీషు గట్టిగా రావాలి, తెలుగు చదవడం రాయడం రావాలి. మూడూ నేర్పాలంటే ముందు మనిషి ఉండాలి. ఉపాధ్యాయుడే లేని గదికి ఏ మాధ్యమమైతేనేం?

పాఠశాల యాజమాన్య కమిటీ గురించి ఒక్క మాట. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయవలసిందీ, వచ్చిన నిధుల వినియోగాన్ని గమనించవలసిందీ వారే. మన బడుల్లో సభ్యులైన తల్లులను సంతకానికి మాత్రమే పిలుస్తున్నారు. మా బడి కమిటీలోని ఒక తల్లి, బీడీలు చుట్టే ఆమె, పోయిన సమావేశంలో సంతకం పెట్టేముందు, "ఇందులో ఏం రాశారో ఒకసారి చదివి వినిపించండి" అన్నది. గదిలో అందరూ ఆమెవైపు చూశారు. చదివి వినిపించారు. అందులో రాసిన నీళ్ళ ట్యాంకు మా బడిలో లేదు. ఆమె సంతకం పెట్టలేదు. ఆ ట్యాంకు సంగతి ఇప్పుడు విచారణలో ఉంది.

పురపాలక బడ్జెటు సమావేశానికి ముందే మన వార్డుల లెక్కలు చేరాలి. ద్వారం దగ్గర బల్లమీద అర్జీ నమూనాలు ఉర్దూలోనూ తెలుగులోనూ ఉన్నాయి. పిల్లల పేర్లు రాసే కాగితాలు కూడా అక్కడే ఉన్నాయి. వార్డుకు ఇద్దరు చొప్పున, అందులో ఒకరు తప్పనిసరిగా స్త్రీ, ఈ రాత్రే పేర్లు ఇచ్చి వెళ్ళండి. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తీసుకోవడం మరచిపోవద్దు. మేము మొదటి మూడేళ్ళు చేసిన పొరపాటు అదే.