యూట్యూబ్ ట్రాఫిక్ పాకిస్తాన్‌కి ఎలా వెళ్ళింది? రూటింగ్ డేటాని మనమే చూద్దాం

ఏదైనా సైట్ ఓపెన్ అవ్వకపోతే మనం వెంటనే రెండు మాటలు అంటాం. "సర్వర్ డౌన్", లేకపోతే "ఎవరో హ్యాక్ చేశారు". ఇవాళ మూడో కారణం చెప్తాను. సర్వర్ బానే ఉంటుంది, ఎవరూ అందులోకి చొరబడరు, కానీ దాని దగ్గరికి వెళ్ళే దారి మారిపోతుంది. అలా మారిందో లేదో ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా మనమే చూడొచ్చు.

ముందు కొంచెం బేసిక్స్. ఇంటర్నెట్ అంటే వేలాది నెట్‌వర్క్‌ల కలయిక. ప్రతి పెద్ద నెట్‌వర్క్‌కీ ఏఎస్ నంబర్ అని ఒకటుంటుంది. బీఎస్ఎన్ఎల్‌ది 9829. ప్రతి నెట్‌వర్క్ తన పక్కవాళ్ళకి "ఈ ఐపీ అడ్రస్‌లు నా దగ్గరున్నాయి" అని చెప్తుంది. వాళ్ళు వాళ్ళ పక్కవాళ్ళకి చెప్తారు. ఇలా చెప్పుకునే పద్ధతి పేరే బీజీపీ. చెప్పింది నిజమా కాదా అని తేల్చే ఏర్పాటు అందులో మొదట్లో లేదు. అంతా నమ్మకం మీదే నడిచింది.

ఆ నమ్మకం దెబ్బతింటే ఏమవుతుందో 2008 ఫిబ్రవరి 24న చూశాం. పాకిస్తాన్‌లో యూట్యూబ్‌ని బ్లాక్ చేయమని ఆర్డర్ వచ్చింది. పాకిస్తాన్ టెలికామ్ ఆ ట్రాఫిక్‌ని దేశం లోపలే ఆపేయాలని ఒక రూట్ పెట్టుకుంది. ఆ రూట్ పొరపాటున బయటికి పొక్కింది. పైనున్న పీసీసీడబ్ల్యూ అనే హాంకాంగ్ కంపెనీ ఫిల్టర్ చేయకుండా దాన్ని ప్రపంచానికి పంపేసింది.

ప్రపంచం ఎందుకు నమ్మింది? యూట్యూబ్ అప్పటికే 1,024 అడ్రస్‌ల బ్లాక్ ఒకటి ప్రకటించి ఉంది. పాకిస్తాన్ టెలికామ్ అందులోంచి 256 అడ్రస్‌ల చిన్న బ్లాక్‌ని తనదని చెప్పింది. రూటర్లకి చిన్న బ్లాక్ అంటే ఎక్కువ కచ్చితమైన సమాచారం అని లెక్క. రోడ్డు మీద ఒక బోర్డు "విజయవాడ" అని, ఇంకో బోర్డు "విజయవాడ బెంజ్ సర్కిల్" అని ఉన్నాయనుకోండి. బెంజ్ సర్కిల్ వెళ్ళేవాడు ఏ బోర్డు చూసి తిరుగుతాడు? రెండోదే కదా. రూటర్లూ అదే చేశాయి.

మన టైమ్‌లో అర్ధరాత్రి దాటి 12:17కి ఆ రూట్ బయటికొచ్చింది. 1:37కి యూట్యూబ్ కూడా అదే 256 బ్లాక్‌ని ప్రకటించింది. 1:48కి దాన్ని ఇంకా రెండు ముక్కలు చేసి ప్రకటించింది. 2:31కి పీసీసీడబ్ల్యూ ఆ తప్పుడు రూట్లని తీసేసింది. అంటే దాదాపు రెండుంపావు గంటలు.

ఇంత కచ్చితంగా నిమిషాలు ఎలా తెలిశాయి? ఏ కంపెనీ ప్రెస్ నోట్ నుంచో రాలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైప్ ఎన్‌సీసీ వాళ్ళ రిస్ ప్రాజెక్ట్, అమెరికాలో ఆరెగాన్ యూనివర్సిటీ వాళ్ళ రూట్‌వ్యూస్ ప్రాజెక్ట్ ఎన్నో నెట్‌వర్క్‌ల నుంచి బీజీపీ మెసేజ్‌లు తీసుకుని రికార్డ్ చేస్తుంటాయి. ఆ డేటా ఎవరైనా చూడొచ్చు. రైప్ ఎన్‌సీసీ తన రికార్డుల నుంచే ఈ టైమ్‌లైన్ మొత్తం బయటపెట్టింది.

ఇప్పుడు ప్రాక్టికల్‌గా చూద్దాం. స్టాట్ డాట్ రైప్ డాట్ నెట్ ఓపెన్ చేయండి. దీని పేరు రైప్‌స్టాట్. సెర్చ్ బాక్స్‌లో మీ ఐపీ అడ్రస్ కొట్టండి. అది ఏ బ్లాక్‌లో ఉందో, ఏ ఏఎస్ దాన్ని ప్రకటిస్తోందో వస్తుంది. అందులోనే బీజీప్లే అని ఉంటుంది. డేట్, టైమ్ ఇచ్చి ప్లే కొడితే రూట్లు ఎలా మారాయో బొమ్మలా కదులుతూ కనిపిస్తుంది. ఏ నెట్‌వర్క్ ఎవరితో కలిసి ఉందో తెలియాలంటే హరికేన్ ఎలక్ట్రిక్ వాళ్ళ బీజీపీ టూల్‌కిట్ చూడండి.

ఇంకోటి తప్పక చూడండి, ఆర్పీకేఐ స్టేటస్. "ఈ బ్లాక్‌ని ఈ ఏఎస్ మాత్రమే ప్రకటించాలి" అని ఓనర్ డిజిటల్‌గా సంతకం చేసిన రికార్డ్ ఉందా అన్నది ఇక్కడ తెలుస్తుంది. వ్యాలిడ్ అంటే సంతకం, ప్రకటన కలిశాయి. ఇన్వాలిడ్ అంటే కలవలేదు. నాట్ ఫౌండ్ అంటే అసలు సంతకమే లేదు. 2008లో ఇది ఉండి, మధ్యలోని నెట్‌వర్క్‌లు చెక్ చేసి ఉంటే ఆ రూట్ అంత దూరం వెళ్ళేది కాదు. అయితే ఇది మొదట ప్రకటించింది ఎవరన్నదే చూస్తుంది. మధ్య దారిలో జరిగే మోసాన్ని పట్టుకోలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ టూల్స్‌లో కనిపించేది కలెక్టర్లకి డేటా ఇచ్చే నెట్‌వర్క్‌ల చూపు మాత్రమే. చిన్న ఏరియాలో జరిగిన తప్పు కనపడకపోవచ్చు. రూట్ ఉన్నంత మాత్రాన ప్యాకెట్ చేరిందని కూడా కాదు. దానికి ట్రేస్‌రూట్ కొట్టి చూసుకోవాలి. పొరపాటా, కావాలని చేశారా అన్నది కూడా రూట్ చెప్పదు. కాబట్టి గ్రాఫ్ ఒకటి చూసి "ఫలానా దేశం ఎటాక్ చేసింది" అని స్టేటస్ పెట్టేయకండి.

ఇవాళ్టి హోమ్‌వర్క్: మీ ప్రొవైడర్ ఏఎస్ నంబర్ కనుక్కుని, మీ బ్లాక్‌కి సంతకం ఉందో లేదో చూడండి. నాట్ ఫౌండ్ వస్తే వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి "ఎందుకు లేదు?" అని అడగండి. డబ్బు కట్టే కస్టమర్ మీరు, అడిగే హక్కు మీకుంది. ఏం జవాబొచ్చిందో కింద కామెంట్‌లో రాయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.