పట్టికా, పటమూ

(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వెబ్ పేజీ తయారుచెయ్యడం కంప్యూటర్ చదువుకున్న కుర్రాళ్ళ పని అని మనలో చాలామంది అనుకుంటారు. 1998లో నేనూ అలాగే అనుకున్నాను. మా సంస్థకు ఒక పేజీ ఉండాలని తీర్మానించాం గాని, డబ్బిచ్చి చేయించే స్తోమత లేదు. దాంతో నేనే నేర్చుకోవలసి వచ్చింది.

మొదట నేర్చుకున్నది పట్టిక. పొదుపు సంఘం లెక్కల పుస్తకం రాసిన ఏ స్త్రీకైనా అది కొత్త కాదు. హెచ్‌టీఎంఎల్‌లో ‘టేబుల్’ అని మొదలుపెట్టి, ఒక్కో వరసకు ‘టీఆర్’, శీర్షిక గడికి ‘టీహెచ్’, మామూలు గడికి ‘టీడీ’ అని గుర్తులు పెడతాం. జిల్లా, సహాయం దొరికే చోటు, ఫోన్ నంబరు అని మూడు శీర్షికలు పెట్టాను. అప్పటి 23 జిల్లాలకు 23 వరసలు. సాయంత్రానికల్లా పని పూర్తయింది.

కాని చూడ్డానికి చప్పగా ఉంది. రాష్ట్ర పటం పెట్టి, ఏ జిల్లా మీద నొక్కితే ఆ జిల్లా వివరాలు వచ్చేలా చేస్తే బాగుంటుందనిపించింది. బొమ్మకు ఎడమవైపు పై మూల సున్నా. అక్కడి నుంచి కుడికి ఎన్ని చుక్కలు, కిందికి ఎన్ని చుక్కలు అని లెక్కపెట్టి, జిల్లా సరిహద్దులోని ఒక్కో మలుపుకూ రెండేసి అంకెలు రాయాలి. గ్రాఫ్ కాగితం మీద గీసుకుంటూ రెండు వారాలు కూర్చున్నాను. పటం ముచ్చటగా వచ్చింది. ఇక ఎందుకులే అని పట్టిక తీసేశాను.

కొద్దిరోజులకే ఒక జిల్లా నుంచి తోటి కార్యకర్త ఫోన్ చేసింది. “అక్కా, మన పేజీలో ఖాళీ పెట్టె తప్ప ఏమీ కనపడటం లేదు. భర్త చేతిలో దెబ్బలు తిన్న అమ్మాయి నా పక్కనే కూర్చుని ఉంది. నంబరు ఎక్కడుంది?” అక్కడి టెలిఫోన్ లైను మీద బొమ్మ దిగలేదు. నా నోటు పుస్తకంలోంచి నంబరు చదివి చెప్పాను. ఆ రాత్రే పట్టిక తిరిగి పెట్టాను.

తర్వాత చూపులేని మిత్రురాలొకరు స్క్రీన్ రీడర్‌తో ఆ పేజీ విన్నారు. పటంలో ఒక్కో జిల్లాకూ ‘ఆల్ట్’ అనే చోట నేను పేరు రాయలేదు కాబట్టి, ఆమెకు ఏ జిల్లా ఎక్కడుందో తెలియలేదు. పట్టికలో మాత్రం ‘టీహెచ్’ శీర్షికలు ఉండటంతో ఏ అంకె దేనిదో తెలిసింది. 1999 మేలో డబ్ల్యూ3సీ వెలువరించిన మార్గదర్శకాలు ఈ మాటే చెప్పాయి: బొమ్మ చెప్పే ప్రతిదీ అక్షరాల్లోనూ ఉండాలి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాచారం అందుబాటును ప్రభుత్వ బాధ్యతగా పేర్కొంది. ప్రభుత్వాన్ని నిలదీసే మనం ముందు మన పేజీ సరిచూసుకోవద్దా?

ఇంకో సంగతి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పట్టికకు కొన్ని వరసలు చేరిస్తే సరిపోతుంది. పటంలో అంకెలన్నీ మళ్ళీ మొదటినుంచి రాయాలి. పైగా ఫోన్ తెరకు సరిపడేలా బొమ్మ కుదించుకుపోయినా మనం రాసిన అంకెలు వాటంతట అవి మారవు. ఒక జిల్లా మీద వేలు పెడితే పక్క జిల్లా తెరుచుకోవచ్చు.

పటం వద్దని నేననను. చదువు తక్కువైన వాళ్ళకు బొమ్మ దారి చూపుతుంది. పటం కింద పట్టిక కూడా ఉండాలంటున్నాను. పేజీ పెట్టేముందు బొమ్మలు రాకుండా ఆపి ఒకసారి చూడండి. మౌస్ ముట్టకుండా ట్యాబ్ మీటతో ఒకసారి నడపండి. చిన్న ఫోన్‌లో ఒకసారి తెరవండి. మూడుసార్లూ ఆ నంబరు దొరికితేనే మన పని అయినట్టు.